మూడు పైకి, అయిదు లోపలికి

మా నాన్న గీసిన ఏ డిజైను తీసుకున్నా అందులో ఒక గడి తప్పుగా ఉంటుంది. కుడిచేతివైపు కింది మూల నుంచి పైకి మూడు గడులు, లోపలికి అయిదు గడులు లెక్కపెడితే, ఉండకూడని చోట ఒక నల్ల గడి. పసిపిల్ల బుగ్గన పెట్టే దిష్టి చుక్క లాంటిదే అది. కుదిరిన డిజైనుకి దిష్టి తగులుతుందని ఆయన గురువు పెట్టేవాడట, ఆయన్ని చూసి ఈయన. చీరాలలో ఎవరైనా ఆడమనిషి ఎదురైతే మొహం కన్నా ముందు చీర అంచు చూసి ఆ చుక్క వెతుక్కోవడం నాకు చిన్నప్పటి అలవాటు. కనిపించిందా, ఇక ఆవిడ మాకు చుట్టం అయిపోయినట్టే అనిపించేది.

ఈ చుక్క గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. రానివ్వండి, ఇన్నేళ్ళు నోరు మూసుకునే ఉన్నాను.

నాన్న మగ్గం నేసేవాడు కాదు, మగ్గాలకి గ్రాఫులు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ గడి నింపితే ఆ పోగు పైకి లేస్తుంది. ఆ కాగితం చూసుకుంటూ ఇంకొకరు అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే నెమలో మామిడి పిందో చీర మీదికి దిగుతుంది. నాన్నకి ఒక్కసారి చూస్తే చాలు. పెళ్ళిలో ఎవరి కొంగు మీదో పువ్వు చూసొచ్చి, చొక్కా కూడా విప్పకుండా కూర్చుని, ఒక్క గడి తేడా లేకుండా దించేసేవాడు. పరాయి ఆడవాళ్ళ కొంగుల వంక అట్లా చూస్తే నలుగురూ ఏమనుకుంటారని అమ్మ సాధించేది. నేను చూసింది కొంగుని కాదే, గడుల్ని అనేవాడు పాపం.

తొంభైలు గడిచేసరికి, మగ్గాలకి పని ఇచ్చే మాస్టర్ వీవర్లు డిజైన్లన్నీ కంప్యూటర్ మీద చేయించుకోవడం మొదలుపెట్టారు. నాన్న చేత గీయించుకునేవాళ్ళు ఒక్కొక్కళ్ళే తగ్గిపోయారు. ఎవరూ మొహం మీద వద్దనలేదు. దారిలో కనిపిస్తే బాగున్నావా అని పలకరించి, పని మాట ఎత్తకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నాన్న గ్రాఫులన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి, దాని మీద దుప్పటి పరిచి, దాని మీదే కూర్చుని పేపరు చదివేవాడు. ఆ కంప్యూటర్ మీద మంటతోనే నేను కంప్యూటర్ నేర్చుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్లో ఉండి, రెండు వీధుల అవతల ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేదాన్ని.

అక్కడ నాకన్నా రెండు బ్యాచీల ముందువాడు ఒకడు ఉండేవాడు. వాళ్ళ నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఇతను కాన్వెంటులో చదివాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. మాటవరసకి కాదు, రాఖీ కూడా కట్టాను. రెండువేల మూడో నాలుగో, ఒక మధ్యాహ్నం అతను కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉంటే ఏమైందని అడిగాను.

ఇంగ్లండులో ఎక్కడో ఉత్తరాదిన, వానలు తప్ప ఏమీ లేని ఒక చిన్న ఊళ్ళో, రొట్టెల కొట్టు మీద మేడగదుల్లో ఆరుగురు కలిసి వీడియో గేములు తయారుచేస్తున్నారట. పెద్ద గేములు కావు. అప్పట్లో వచ్చే బటన్ల ఫోన్లలో, అగ్గిపెట్టంత తెర మీద ఆడుకునేవి. కోటలో తప్పిపోయిన చిలకని వెతికే ఆట ఒకటి అనుకున్నారు. మన దేశపు కోట కాబట్టి బొమ్మలు మన దేశంలోనే గీయించాలని వాళ్ళకి సరదా పుట్టింది. ఇతను ఇంటర్నెట్‌లో ఎక్కడో వాళ్ళని పట్టుకున్నాడు. పదహారు గడులు అడ్డం, పదహారు గడులు నిలువు, ఎనిమిదే రంగులు. అందులో నేల బండ గీయాలి, నాలుగు వైపులా ఎటు అతికించినా అతుకు కనపడకూడదు. ఫోనులో చోటు తక్కువ గనుక అదే ముక్కని తిప్పి తిప్పి కోట అంతా పరుస్తారు. ఇతను వారం రోజులుగా గీస్తున్నాడు, అతుకు కనపడుతూనే ఉంది.

నాకు నవ్వొచ్చింది. అంచు గీయడం అంటే అదే కదా. ఒక ముక్క గీస్తే అది ఆరు గజాలూ అతుకు లేకుండా నడవాలి. బ్యాగులోంచి గ్రాఫు కాగితం తీసి, పెన్సిళ్ళతో గంటలో గీసిచ్చాను. చివర్లో అలవాటుకొద్దీ మూడు పైకి, అయిదు లోపలికి, నల్ల చుక్క పెట్టాను. అతను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పంపాడు. మర్నాడే పని మాకు ఖాయమైంది.

ఎరువుల కొట్టు మీద ఒక గది తీసుకున్నాడు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. మిర్చి సీజన్లో లారీలు వెళ్తుంటే ఇద్దరం తుమ్ముతూనే గీసేవాళ్ళం. ఇద్దరం అంటున్నాను, అలవాటు. గీసింది నేను. గోడలు, మెట్లు, తులసికోట, ఏనుగు, చిలక, చిలకని వెతికే పిల్ల, ఆ పిల్ల నడిస్తే ఊగే జడ. అతను మెయిల్స్ రాసేవాడు. వాళ్ళకి తెల్లారేసరికి మనకి మధ్యాహ్నం, అప్పుడు జవాబులొచ్చేవి. వాళ్ళు ఒకసారి ఫోటో పంపారు. కంపెనీ పెట్టిన గడ్డం పెద్దాయన, మరో అయిదుగురు, బల్ల కింద ఒక కుక్క. ఆ కుక్కని చూసి నాకు వాళ్ళంటే ఇష్టం పుట్టింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ ఆ ఫోటో హాస్టల్లో నా మంచం పక్క గోడకి అంటించుకున్నాను.

బొమ్మల్లో తప్పులు పట్టే అమ్మాయి ఒకతి వాళ్ళలో ఉంది. ఆమె ఒకరోజు పెద్ద జాబితా పంపింది. ప్రతి ముక్కలోనూ ఒకే చోట ఒక నల్ల గడి ఉండిపోయింది, పొరపాటున పడినట్టుంది, అన్నీ తుడిచి పంపండి అని. నాకు ఒళ్ళు మండింది. అది పొరపాటు కాదు, దిష్టి చుక్క, మా నాన్న పద్ధతి అని వాళ్ళకి రాయమన్నాను. మా నాన్న సంగతి, గ్రాఫుల సంగతి, గురువుగారి సంగతి అంతా చెప్పాను. అతను శ్రద్ధగా విని రాశాడు. రెండ్రోజుల తర్వాత జవాబు చదివి వినిపించాడు. పెద్దాయనకి ఎంత నచ్చిందంటే, చుక్కలన్నీ అలాగే ఉంచమన్నాడట. అంతేకాదు, ఆట చివర పనిచేసినవాళ్ళందరి పేర్లూ తెర మీద వస్తాయి, మీ పేర్లు పంపండి అన్నాడట.

నాకేం నా పేరు మీద అంత యావ లేదు. నాన్న జీవితమంతా గీశాడు. ఏ చీర మీదా ఆయన పేరు లేదు, ఉండదు కూడా, ఆ పనిలో అది వాడుక కాదు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు కూడా పిలవడం మానేశారు. అలాంటి మనిషి పేరు సముద్రం అవతల ఒక తెర మీద పడుతుందంటే ఎట్లా ఉంటుంది మీరే చెప్పండి. కాగితం మీద ఇంగ్లీషులో ముందు నాన్న పేరు, దాని కింద నా పేరు రాసి అతని చేతికిచ్చాను. పంపేశానని సాయంత్రం చెప్పాడు. నేను ఆ ఆదివారమే చీరాల వెళ్ళి నాన్నకి చెప్పేశాను. నాన్న లేచి ట్రంకు పెట్టె మీద దుప్పటి తీసేశాడు.

తర్వాత అన్నయ్య తనంతట తనే మా ఇంటికొచ్చాడు. మీ నాన్నగారిని చూడాలి, ఆయన పని చూడాలి అన్నాడు. వస్తూనే నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. నాన్న ఒక్కో గ్రాఫే తీసి చూపిస్తూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పాడు, ఇతను పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నాడు. అన్నేళ్ళలో నాన్నని అట్లా కూర్చుని అడిగినవాళ్ళు లేరు. వెళ్ళేటప్పుడు గురువుగారి చేతి గ్రాఫు ఒకటి, అంచులు పసుపురంగుకి తిరిగిపోయింది, నాన్న అతనికి ఇచ్చేశాడు. నన్నెప్పుడూ ముట్టుకోనిచ్చేవాడు కాదు దాన్ని. చదువుకున్న కుర్రాడు, దాని విలువ తెలిసినవాడు అన్నాడు. నేను కూడా సంతోషించాను, ఎంత పిచ్చిదాన్నో చూడండి.

ఆట పూర్తయింది. మన ఫోన్లలో దొరికేది కాదు. అతని ఫోనులోకి వాళ్ళు పంపించారు. చూపించాడు. నా జడపిల్ల నా కోటలో నడుస్తోంది, నా ఏనుగు తొండం ఊపుతోంది. పేర్లు చూపించమంటే ఇది ముందు పంపిన కాపీ, ఇందులో పేర్లుండవు, అసలుదాంట్లో ఉంటాయి అన్నాడు. నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణం లేదు.

రెండు వారాలకి చీరాల వెళ్ళినప్పుడు, ఊరికే, నాన్నకి ఆ ఆరుగురి ఫోటో పెద్దదిగా ప్రింటు తీయించి ఇద్దామని నెట్ సెంటర్‌కి వెళ్ళాను. వాళ్ళ వెబ్‌సైటు తెరిచాను. కొత్త పేజీ ఒకటి ఉంది. అందులో అన్నయ్య ఫోటో. చేతిలో మా గురువుగారి గ్రాఫు. నా ఇంగ్లీషు నత్తనడకది, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. గుంటూరులో ఉన్న మా చిత్రకారుడు నేతపనివాళ్ళ ఇంట పుట్టాడు అని ఉంది. అతని తండ్రి గ్రాఫు కాగితం మీద చీరలు గీసేవాడు అని ఉంది. ప్రతి బొమ్మలోనూ తండ్రి నేర్పిన దిష్టి చుక్క పెడతాడు, ఈ ఆట ఆ తండ్రికే అంకితం అని ఉంది. కింద ఆ తండ్రి పేరు. మిర్చి యార్డులో కాటా పక్కన కూర్చునే ఆయన పేరు.

పని దొంగిలించాడంటే అర్థం చేసుకుంటాను. పేరు కొట్టేశాడంటే తిట్టి ఊరుకుంటాను. నాన్ననే మార్చేశాడు. నా తల కొట్టేసినట్టయింది. ఫోటో ప్రింటు తీయించకుండానే బయటికొచ్చాను. సోమవారం గుంటూరు గదిలోకి వెళ్ళేసరికి అతను మామూలుగా టీ తాగుతున్నాడు. పేజీ చూశానని చెప్పాను. మొహంలో కాస్త కూడా రంగు మారలేదు.

"వాళ్ళకి ఒక మనిషి కావాలి చెల్లెమ్మా, ఒక కథ కావాలి. ఇద్దరు ముగ్గురైతే కథ పండదు," అన్నాడు.

అది మా నాన్న బతుకు, నీ కథ కాదు అన్నాను. అప్పటిదాకా అతన్ని మీరు అనేదాన్ని, ఆ రోజు నువ్వులోకి దిగాను.

"చెప్పుకోవడం రానివాళ్ళ దగ్గర ఎంత ఉన్నా ఏం లాభం? నేను చెప్పాను కాబట్టే ఆ చుక్క ఉంది. లేకపోతే తుడిచేసేవాళ్ళు," అన్నాడు.

అందులో నిజం లేకపోలేదు, అందుకే ఇంకా మండింది. నోటికొచ్చినట్టు తిట్టి మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ గది మొహం చూడలేదు. ఆ రోజే నెట్ సెంటర్లో కూర్చుని ఆ పెద్దాయనకి నాకొచ్చిన ఇంగ్లీషులో మెయిల్ రాశాను. కుక్క ఉన్న ఇంట్లో మనుషులు మంచివాళ్ళే అయి ఉంటారని ఒక నమ్మకం. నా గ్రాఫులు ఫోటోలు తీయించి పెట్టాను. చుక్క ఎక్కడ పెడతామో, ఎందుకు పెడతామో రాశాను. శుక్రవారం జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. రంగులు నింపడానికి ఒక అమ్మాయి సాయం చేస్తోందని అతను చెప్పాడట, అది మీరే కాబోలు అన్నాడు. మా ఒప్పందం అతనితో, మీ ఇద్దరి మధ్య విషయం మీరే మాట్లాడుకుంటే మంచిది అన్నాడు. ఆట ఇప్పటికే జనం ఫోన్లలోకి వెళ్ళిపోయింది, పేర్లు మార్చడం కుదరదు అన్నాడు. చివర్లో మీ కుటుంబానికి శుభాకాంక్షలు అని పెట్టాడు. ఏ కుటుంబానికో మరి. హాస్టల్‌కి వెళ్ళి గోడ మీది ఫోటో పీకేశాను, కుక్కతో సహా.

ఇక నాన్నకి చెప్పేద్దామని ఆదివారం చీరాల రైలెక్కాను. ఎట్లా మొదలుపెట్టాలో తెనాలి దగ్గర్నుంచీ మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఇంటికి వెళ్ళేసరికి నాన్న అరుగు మీద గ్రాఫు కాగితం పరుచుకుని కూర్చున్నాడు. ఆయన చేతిలో పెన్సిలు చూసి రెండేళ్ళు దాటింది.

"నిన్న అబ్బాయి వచ్చాడమ్మా, ఆట తీసుకుని," అన్నాడు.

నేనెక్కడ ముందు చెప్పేస్తానో అని నాకన్నా ముందే వచ్చాడన్నమాట. పళ్ళు తెచ్చాడట, అమ్మకి చీర పెట్టాడట. ఫోను నాన్న చేతికే ఇచ్చి మొత్తం ఆడించాడట. నాన్న ఒక్కో బండా చూసుకుంటూ చుక్కలన్నీ లెక్కపెట్టాడు. కొన్నిచోట్ల చుక్క ఎడంవైపుకి పోయిందే, కాగితం తిరగేసి పెట్టారా అని నన్నడిగాడు. చోటు కలిసిరావడానికి అదే ముక్కని తిప్పి వాడతారని చెప్పాను. తెలివైనవాళ్ళే అన్నాడు. ఇంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు ఎప్పుడు చూశానో గుర్తు లేదు.

"చివర్లో నా పేరు కూడా ఆపి చూపించాడు. రెండుసార్లు చూశాను. గీశాను చూడు," అని ఆ కాగితం నా వైపు తిప్పాడు.

నాన్నకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. గడులొచ్చు. ఆ తెర మీద అక్షరాలు కూడా గడులతో చేసినవే కదా. ఏడు గడుల ఎత్తున, ఒక్క గడి తప్పకుండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆ పేరు దించేశాడు. కుడి మూల నుంచి మూడు పైకి, అయిదు లోపలికి చుక్క కూడా పెట్టాడు. పక్కింటి బాబాయ్ మగ్గం మీద తువ్వాలు అంచున నేయిస్తానని అన్నాడు. నేను చదివాను. నెట్ సెంటర్లో చూసిన పేరే. మిర్చి యార్డు ఆయన పేరు, మా నాన్న చేతి రాతలో.

"నా పేరేనా? సరిగ్గా పడిందా?" అని అడిగాడు.

నాన్నతో నేను అప్పటిదాకా అబద్ధం ఆడలేదు. ఆ దొంగవెధవ నా చేత ఆడించాడు. నీ పేరే నాన్నా, ఒక్క గడి కూడా తప్పలేదు అన్నాను. రెండో మాట నిజమే.

బాబాయ్ తువ్వాలు నేశాడు. నాన్న దాన్ని బతికున్నంతకాలం వేసుకున్నాడు. ఎప్పుడు చూసినా పేరు లోపలికి పోయేట్టు మడిచి భుజాన వేసుకునేవాడు. దిష్టి తగులుతుందని కాబోలు అనుకునేదాన్ని. నేను చీరాలలోనే ఒక డిజైన్ సెంటర్లో చేరి, కంప్యూటర్ మీద చీరలు గీస్తూ ఉండిపోయాను. ఆ ఇంగ్లండు వాళ్ళు రెండేళ్ళలో మూతేసుకున్నారని విన్నాను. అతను హైదరాబాదులో పెద్ద ఆఫీసు పెట్టాడని కూడా విన్నాను. ఇంటికొచ్చినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కనిపిస్తే చాలు, ఆ తువ్వాలు ఎక్కడ విప్పుతాడో అని నాకు ప్రాణం మీదికొచ్చేది. ఎప్పుడూ విప్పలేదు.

నాన్న పోయిన పదకొండో రోజున ఆ తువ్వాలు ఉతికి ఆరేస్తుంటే బాబాయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు దాని అంచు పట్టుకుని చూశాడు. మీ నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఇప్పుడు చెప్తే తప్పు లేదనుకుంటా అన్నాడు. అట్టలు కొట్టేముందు నాన్న ఆ కాగితం పట్టుకెళ్ళి స్కూలు మేష్టారి చేత చదివించాడట. మేష్టారు పైకి చదివి, ఎవరిదండీ ఈ పేరు అని అడిగాడట. నాన్న కాగితం మడుచుకుని తిన్నగా మగ్గం దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడట. మరి నేయొద్దులే అన్నయ్యా అని బాబాయ్ అంటే నాన్న ఒప్పుకోలేదట.

"అమ్మాయి నా పేరే అంది," అన్నాడట. "నువ్వు నెయ్యి."